తలకిందుల రాజు బిళ్ల

నకిరేకల్,
జూన్ 9, ఆదివారం.

చిరంజీవి అల్మాస్‌కు,

అబ్బా, అమ్మీ మనసారా పంపుతున్న దువాలు. ఇక్కడ మేమిద్దరం, దొడ్లో మేకలతో సహా, కులాసాగా ఉన్నాం. ఆ మంచుకొండల్లో నువ్వూ, నీ దవాఖానలో పడుకున్నవాళ్లూ మాకంటే రెండింతలు కులాసాగా ఉండాలని అల్లాను అడుగుతున్నాం.

నీ ఉత్తరం అందింది. అక్కడ ఫోను సిగ్నల్ దొరకదని నువ్వు విసుక్కున్నావు గానీ నాకు మాత్రం పండగే. జీవితమంతా తెలుగు పంతులుగా బతికినవాడికి సొంత బిడ్డ చేతిరాత చూడటం కంటే ఏం కావాలి? రెండు చోట్ల ఒత్తులు తప్పాయి. లెఫ్టినెంటువు కదా అని వదిలేస్తున్నాను.

అడిగినవాటికి వరసగా జవాబులు. అమ్మీ మోకాలు నయం. నువ్వు చెప్పిన వ్యాయామం చేస్తోందా అంటే, నేను చూస్తున్నప్పుడు చేస్తోంది. కూలరు బాగు చేయించాను. మన వాడ గొల్ల గోపయ్య కోడలు త్రివేణికి ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా బాగున్నారు. మన గిరి తండ్రి అయ్యాడంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు, నిన్నమొన్నటిదాకా నీతో సైకిలు కోసం కొట్లాడినవాడు. ఇక, "అబ్బా, ఆన్‌లైన్ వేలంపాటల్లో మళ్లీ మోసపోలేదు కదా" అని అడిగావు. లేదు. ఆ మాట తల ఎత్తుకొని చెప్తున్నాను.

నీ వార్డులో కాలు విరిగి పడుకున్న కెప్టెన్ సాబ్ సంగతి చదివి మీ అమ్మీ మండిపడింది. "భుజం మీద నక్షత్రాలు మీకూ ఉన్నాయి గానీ, తుపాకి పేల్చని ఫౌజు ఏం ఫౌజు సిస్టర్" అన్నాడా? నువ్వేమో, "మా ముత్తాత నిజాం రిసాలాలో బల్లెం పట్టిన సవారు, మిస్రు దేశం దాకా పోయి కొట్లాడినవాడు, మాది ఫౌజీ రక్తం" అని జవాబిచ్చావు. దానికాయన రుజువేదీ అన్నాడు. "అబ్బా, ముత్తాత పతకం ఎప్పటికైనా దొరికితే ఫొటో పంపు, ఆయన మంచం పక్కన గోడకు అంటిస్తాను" అని రాశావు.

దొరికింది తల్లీ. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. మొదటినుంచీ చెప్తాను. నీ అలవాటు ప్రకారం మధ్యలో పేజీలు దాటేయకు.

నీ ముత్తాత, అంటే మా తాత దావూద్ అలీ, మొదటి ప్రపంచ యుద్ధానికి నిజాం గుర్రపు దండుతో ఓడెక్కి మిస్రు, అంటే ఈజిప్టు, పోయాడని నీకు తెలుసు. తిరిగొచ్చాక తెల్లవాళ్లు పతకం పంపారనీ, మన ఇంటికి 'రిసాలా వారిల్లు' అనీ, బళ్లో నాకు 'రిసాలా సారు' అనీ పేరు అందుకే వచ్చిందనీ తెలుసు. అయితే ఆ పతకాన్ని ఆయన ఒక్కనాడూ ఛాతీకి పెట్టుకోలేదు. మా దాదీ పెట్టుకోనివ్వలేదు. మిస్రు పోయినవాళ్లలో ఎంతోమంది రాలేదు, ఈయన వచ్చాడు, కాబట్టి ఆ బిళ్లలో ఏదో బలముందని ఆమె నమ్మకం. పై పట్టీ తెంపించి, కంసాలి, అదే మన అవుసులాయన దగ్గర ఒక రింగు అతికించి, నల్లదారానికి గుచ్చి, ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డ మొలకూ కట్టింది. ఇంట్లో బిడ్డలు అయిపోయాక వాడలో బిడ్డలకు కట్టింది. మన బిడ్డ, గొల్లల బిడ్డ అన్న తేడా లేదు, నడక వచ్చేదాకా ఆ బిళ్ల మొలకు ఉండాల్సిందే.

ఆ అవుసులాయన రింగు ఎటువైపు అతికించాలో చూసుకోలేదు. అందువల్ల బిళ్ల మీది ఇంగ్లండు రాజు తలకిందులుగా వేలాడేవాడు. వెనకవైపు గుర్రమెక్కిన మనిషి బొమ్మ. "అదే మీ తాత" అని దాదీ అందరికీ చెప్పేదట. ఆ మనిషి ఒంటి మీద నూలుపోగు లేదు కదా అని ఎవరైనా అడిగితే, "ఎడారిల ఎండలు గట్లుంటయి మరి" అని సర్దేసేదట.

అది పోయింది గోపయ్య మొల నుంచే. చంటిబిడ్డగా ఉన్నప్పుడు వాళ్లమ్మ బీరమ్మ వాణ్ని జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు ఎత్తుకెళ్లింది. ఇల్లు చేరేసరికి దారం తెగి ఉంది, బిళ్ల లేదు. దాదీ కోప్పడలేదు. "పిల్లగాడు మంచిగొచ్చిండు, చాలు" అని లోపలికి వెళ్లిపోయిందట. కానీ బీరమ్మవ్వ ఆ బరువు దించుకోలేదు. మన గడప తొక్కినప్పుడల్లా పాలో, నెయ్యో ఏదో ఒకటి తేకుండా రాకపోవడం అందుకేనని నాకు పెద్దయ్యాక తెలిసింది.

రిటైరయ్యాక నేను ఫోనులో పాత పతకాల వేలంపాటలు వెతకడం మొదలుపెట్టాను. మీ అమ్మీ దానికి పెట్టిన పేరు ఇక్కడ రాయను. మొదట కొన్నదాని కథ నీకు తెలుసు. నిగనిగలాడే వెండి పతకం, అంచు మీద దావూద్ అలీ అని పేరు. తెప్పించాక చూస్తే పోతపోసిన నకిలీ. నేను ఎవరి పేరు కోసం వెతుకుతున్నానో సేకరణదారుల గుంపుల్లో నేనే నాలుగుచోట్ల రాసిపెట్టాను. ఎవడో అది చూసి ఆ పేరే చెక్కించి నాకే అమ్మాడు. పరీక్షల్లో పిల్లల దగ్గర చీటీలు దొరకబుచ్చుకున్న నాకే!

అప్పటినుంచి పేరు చూసి మురిసిపోవడం మానేసి, అంచు చూడటం నేర్చుకున్నాను. అచ్చుకొట్టిన పతకం అంచు నున్నగా ఉంటుంది. పోతపోసినదానికి చుట్టూ సన్నటి అతుకు గీత, భూతద్దంలో చూస్తే సూదిపొడుపుల్లాంటి గుంటలు ఉంటాయి. ఇంకో సంగతి కూడా నేర్చుకున్నాను. ఈ పతకం పోరాడినవాళ్లకు వెండిలో ఇచ్చారు. దండు వెంట పనికి వెళ్లిన చాలామందికి, అంటే గడ్డి కోసినవాళ్లకూ, వంట చేసినవాళ్లకూ, బరువులు మోసినవాళ్లకూ అదే బొమ్మతో కంచులో ఇచ్చారు. కంచువి కనిపిస్తే నేను ఆగేవాణ్ని కాదు, వేలితో పైకి తోసేసేవాణ్ని. మనది వెండి అని నీ దాదా నాకు చెప్పాడు, నేను నీకు చెప్పాను.

చలికాలం చివర్లో పూణె నుంచి ఒకాయన పెట్టిన పతకం కంటబడింది. "లోహం పరీక్షించలేదు. పట్టీ తెగింది. మొరటుగా రింగు అతికించారు. అంచు మీద అక్షరాలు అరిగాయి. ఉన్నది ఉన్నట్టు అమ్మకం." ఫొటోలో నల్లగా మసిబారిన బిళ్ల, రాజు తలకిందులుగా ఉన్నాడు. ఎండలో పెట్టి అంచు ఫొటోలు తీసి పంపమన్నాను, తూకం అడిగాను. అతుకు గీత లేదు, గుంటలు లేవు. అక్షరాల్లో పేరు చివరి 'అలీ' అన్నదీ, హైదరాబాద్ అన్న మాటలో సగమూ కనిపించాయి. తూకం మాత్రం వెండిదానికి ఉండాల్సిన దానికంటే తక్కువ. ఎన్నిసార్లు చింతపండుతో తోమారో, అరిగిపోయి ఉంటుందిలే అనుకున్నాను. ఈ వాక్యం గుర్తు పెట్టుకో.

అలీలు రిసాలాలో ఎంతమంది ఉండేవారో! ఇది మనదేనని ఎలా తేల్చడం? అప్పుడు బీరమ్మవ్వ పెట్టె తీసి ఒక ఫొటో ఇచ్చింది. ఉర్సులో, గుడారం స్టూడియోలో తీయించినది. బొద్దుగా బోర్లా పడి, పిర్రలు పైకి పెట్టి, నోరు తెరిచి నవ్వుతున్న గోపయ్య. ఒంటి మీద నల్లదారం, పక్కకు జారిన బిళ్ల, అంతే. బిళ్ల మీద రాజు తలకిందులు. రింగు పక్కన అవుసులాయన సుత్తి తగిలిన నొక్కు, పూణె ఫొటోలో ఎక్కడుందో సరిగ్గా అక్కడే.

"గా ఫొటో ఎవ్వలకు పంపకు సారూ, నీకు దండం పెడ్త" అన్నాడు గోపయ్య. "గొర్ల సంఘానికి అధ్యక్షుణ్ణి. ఇజ్జత్ పోతది."

"ఎవరికీ పంపను. మనకు తెలిస్తే చాలు" అన్నాను.

"పోగొట్టింది నువ్వే, దొరికిచ్చింది నీ పిర్రలే. ఏం ఇజ్జత్‌రా నీది!" అంది బీరమ్మవ్వ. మీ అమ్మీ నవ్వలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

వేలం మొదలవగానే నేను ధర పెంచడానికి ఫోను తీశాను. గోపయ్య లాక్కున్నాడు. "నువ్వు గిట్ల ఎగబడితె అవుతలోనికి తెల్వదా నీకు పానం గుంజుతుందని? గొర్ల అంగట్ల తువ్వాల కింద వేళ్లు పట్టి బేరం చేస్తం, ఎందుకనుకున్నవ్? మన మన్సుల ధర చుట్టువక్కలోళ్లకు తెల్వొద్దని. ఊకె కూసో." చివరి నిమిషాలదాకా నన్ను తన మంచం మీదే కూర్చోబెట్టి, ఎదుటివాడు ఇక తనదే అనుకునే సమయానికి ఫోను నా చేతిలో పెట్టి, "ఇగ కలుపు చెయ్యి" అన్నాడు. గెలిచాం. వాడు తువ్వాలు గాల్లోకి విసిరాడు. నేను పంతులుగిరీ మరిచి ఈల వేశానని మీ అమ్మీ ఇప్పటికీ అందరికీ చెప్తోంది.

పతకం వచ్చాక ముఖమల్ డబ్బాలో పెట్టాను, నూలు చేతితొడుగులు లేకుండా ముట్టలేదు. ఇలాంటివాటిని తోమకూడదు, ఆ నలుపే వాటి వయసుకు సాక్ష్యం అని సేకరణదారులు చెప్పే మొదటి పాఠం. ఊళ్లో సంగతి పాకింది. తెలంగాణ వచ్చి పదేళ్లయిన సందర్భంగా ఆవిర్భావ దినాన, రెండో తారీఖున, రిసాలా సారును సన్మానించాలని యువజన సంఘం వాళ్లు తీర్మానించారు. రాకేష్ అనే నా పాత విద్యార్థి ఫ్లెక్సీ కొట్టించాడు. గుర్రం మీద బల్లెం ఎత్తిన సవారు, కింద 'ఎడారి వీరుడు దావూద్ అలీ'. తాత ఫొటో లేదు కాబట్టి నా రిటైర్‌మెంటు ఫొటోకే తలపాగా తొడిగారు. నిజం చెప్పనా, నాకు నచ్చింది. రోజూ బజారుకు ఆ చౌరస్తా మీదుగానే వెళ్లాను.

సన్మానానికి కొద్దిరోజుల ముందు నేను బజారు నుంచి వచ్చేసరికి వాకిట్లో బీరమ్మవ్వ కూర్చొని ఉంది. ముందు గిన్నె, గిన్నెలో చింతపండు పులుసు, పులుసులో మన పతకం. మీ అమ్మీ నమ్మి చేతికిస్తే, అవ్వ బొటనవేలితో బరబరా రుద్దుతోంది.

"అవ్వా!" అని అరిచాను. వీధిలో వాళ్లు తొంగి చూశారు.

"ఏందిరా గట్ల మొత్తుకుంటవు? మునిమనుమరాలికి కట్టాలె. తోమకుండ పసిపిల్లకు కడ్తరా?" అంది. నీళ్లతో కడిగి ఎత్తి చూపించింది. అవ్వ అరచేతిలో బిళ్ల ఎర్రగా మెరుస్తోంది.

ఎర్రగా తల్లీ. తెల్లగా కాదు.

"అవ్వా, ఇది వెండిది కదా" అన్నాను.

"వెండిదని ఎవలన్నరు బిడ్డా? మొదటిసంది ఎర్రదే."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నన్నెవలన్న అడిగిన్రా?" అని అవ్వ కొంగుతో బిళ్ల తుడిచింది.

భూతద్దం తెచ్చి చూశాను. పులుసు అక్షరాల్లోని మురికి కడిగేసింది. 'అలీ'కి ముందు దావూద్ సగం కనిపించింది. మన తాతే, అనుమానం లేదు. దావూద్‌కు ముందు ఇదివరకు కనబడని చిన్న మాట ఉంది. సైసు. గుర్రాన్ని మాలీషు చేసి, దానికి మేత వేసి, కింద పేడ ఎత్తేవాడు. బల్లెం పట్టిన సవారు కాదు అల్మాస్. సవారు గుర్రానికి గడ్డి తెచ్చినవాడు.

ఇప్పుడు ఫోనులో అయితే చెప్పలేకపోయే మాట. ఎరుపుకు అర్థం ఏమిటో ఆ వాకిట్లో నాకొక్కడికే తెలుసు. అవ్వ సంతోషంతో ఏడుస్తోంది, మీ అమ్మీ అవ్వను పట్టుకొని ఏడుస్తోంది. నేను నోరు మూసుకున్నాను. తర్వాత కూడా మూసుకునే ఉన్నాను. ఫ్లెక్సీ కట్టేశారు, నువ్వు కెప్టెన్‌కు చెప్పేశావు, ఇంటిపేరులా నిలిచిన పేరు ఉంది. ఎరుపుకు అర్థం తెలిసిన పాతవాళ్లెవరూ లేరు, ఎవరడుగుతారు అనుకున్నాను. పిల్లల చేత సత్యం గురించి వ్యాసాలు రాయించినవాణ్ని, చౌరస్తా దగ్గరికి వచ్చేసరికి తల దించుకొని పక్క సందులోంచి పోయాను. మీ అమ్మీకి కూడా చెప్పలేదు. ఏం కనిపెట్టిందో గానీ ఒకనాడు అన్నం పెడుతూ, "బిళ్ల దొరికినంక నీ ముఖం పోయినట్టుంది ఏంది?" అంది.

రెండో తారీఖున వేదిక మీద కూర్చున్నాను. ముందు వరసలో అవ్వ, ఒళ్లో మునిమనుమరాలు, పక్కన గోపయ్య. రాకేష్ మైకులో మా తాత చేత ఎంతమంది శత్రువులను చంపించాడో లెక్క లేదు. వింటుంటే సిగ్గు వేసింది. ఎన్నో గుర్రాలను బతికించినవాడి చేత మనుషులను చంపిస్తున్నాం కదా అనిపించింది. శాలువా తెస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి మైకు అందుకున్నాను.

"మా తాత సవారు కాదు. సైసు. గుర్రాలకు మేత వేసినవాడు. ఇన్నేళ్లూ తెలియక తప్పు చెప్పాం. ఇప్పుడు తెలిసి చెప్తున్నాను" అన్నాను.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. శాలువా పట్టుకున్న పెద్దమనిషి కప్పాలా మడవాలా తెలియక రాకేష్ వైపు చూశాడు. రాకేష్ ఫ్లెక్సీ వైపు చూశాడు.

అప్పుడు గోపయ్య లేచాడు. సన్మానం సంగతి వాడికి పట్టలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. "సారూ, ఎడారి అంటివి గద. మరి గడ్డి ఏడ తెచ్చిండు?"

తెలియదనే చెప్పాను.

"మనకు కిష్ణ ఒడ్డు దాక మంద తోలుకపోతేనే ఎండకాలం సగం గొర్లు పోతయి. గా ఇసుకల, నీళ్లు లేనికాడ, గన్ని గుర్రాలను నిలవెట్టిండా?" వాడు చుట్టూ ఉన్న గొర్ల సంఘం వాళ్లవైపు తిరిగాడు. "అరె, గది మామూలు మాటనా?"

కాదన్నట్టు వాళ్లంతా తలలూపారు. గొర్లు కాసేవాళ్లు తల్లీ, వాళ్లకు అర్థమైంది. ఒక పెద్దాయన లేచి, గుర్రం ఏం తింటది, పూటకు ఎన్ని నీళ్లు తాగుతది అని అడగడం మొదలుపెట్టాడు. సభ కాస్తా అంగడిలా తయారైంది. శాలువా ఎప్పుడు కప్పారో నాకు గుర్తు లేదు.

ఇంటికి వస్తుంటే నీ దాదా చెప్పిన ఒక మాట గుర్తొచ్చింది. ముత్తాత చివరిదాకా, వీధిలో ఏ పశువు నిలబడి ఉన్నా దానికి ఇంత గడ్డి వేయనిదే తాను అన్నం ముందు కూర్చునేవాడు కాదట. సవారుకు ఉండే క్రమశిక్షణ అని మేం గొప్పలు పోయాం. అది సైసు అలవాటు. ఆయన ఎన్నడూ తాను సవారునని చెప్పలేదు కూడా, ఆ మాట మేమే కలిపాం. ఆయన వంశంలో పుట్టినందుకు నాకు మునుపు ఉన్న గర్వం ఎంతో, ఇప్పుడు అంతకు రెట్టింపు ఉంది. మునుపటిది బొమ్మను చూసి కలిగింది, ఇది మనిషిని తెలుసుకొని కలిగింది.

కెప్టెన్ సాబ్ దగ్గర నీ మాట పోయిందని బాధపడకు. నువ్వే ఆయనకు నిజం చెప్పు. మా ముత్తాత ఆయుధం పట్టలేదని చెప్పు, పట్టినవాళ్ల గుర్రాలను ఎడారిలో చావకుండా నిలబెట్టాడని చెప్పు. చెప్పి, ఆయన కాలికి కట్టు మార్చు. నువ్వు రాత్రంతా కూర్చొని నిలబెట్టినవాళ్లు మళ్లీ లేచి నడుస్తున్నారు కదా. నీది ఫౌజీ రక్తమా అని ఇక నన్ను అడగకు. అవును, దావూద్ అలీ రక్తమే, ఏ మాత్రం నకిలీ లేదు. అంచు కూడా చూడనక్కర్లేదు.

ఫొటో జతచేస్తున్నాను. ముఖమల్ డబ్బా ఖాళీ, అందులో మీ అమ్మీ సూదులు పెట్టుకుంది. పతకం ఎక్కడుందో ఫొటోలో చూడు. త్రివేణి బిడ్డ మొలకు, కొత్త నల్లదారంతో, ఎర్రగా, రాజు తలకిందులుగా. దారం గట్టిదేనా అని అవ్వ పూటకోసారి లాగి చూస్తోంది. వెనకవైపున్న బట్టల్లేని సవారును మాత్రం ఇప్పుడు మేం మా తాత అనడం లేదు. ఆ గుర్రం బాగా తిని ఉంది, చూశావా? అది ఆయన పని. ఆ ఫొటోనే గోడకు అంటించు.

నీకు బిడ్డ పుట్టేనాటికి ఇది ఖాళీ అవుతుందని అవ్వ మాట ఇచ్చింది. తొందరేం లేదు. చలికి ఒళ్లు జాగ్రత్త. ఒత్తులు జాగ్రత్త.

ఇట్లు,
సైసు దావూద్ అలీ మనుమడు,
నీ అబ్బా,
లియాఖత్ అలీ.